పెట్టె ఇస్తరు సరే, పూలు ఎవరిస్తరు?

(చేవెళ్లలో ఆదివాసీ యువత కూడికలో చెప్పిన మాటలివి. చదవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇక్కడ పెడుతున్నం.)



పొద్దున మీరంతా బస్సుల్లో వచ్చిన తొవ్వ ఒకసారి గుర్తు చేసుకోండి. హైదరాబాద్ అప్పా జంక్షన్ దాటితే మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ల. రోడ్డుకు రెండు దిక్కులా పెద్ద పెద్ద మర్రిచెట్లు. అక్కడక్కడ మామిడితోట అంచున, పొలం గట్టు మీద, ఇటుకల మీద నిలబెట్టిన చెక్కపెట్టెలు వరుసగా కనబడుతయి. దూరం నుంచి చూస్తే ఎవరో సామాను దింపి మరిచిపోయినట్టు ఉంటది. దగ్గరికి పోతే గుయ్యిమని చప్పుడు. అవి తేనెపెట్టెలు.

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిండు. "అన్నా, తేనెపెట్టెలు పెడితే లక్షలు వస్తయట. వీడియోల చూసిన. మాకు సబ్సిడీల ఇస్తరట. తీసుకోవాల్నా, వద్దా?" నేను ఒక్క మాటల జవాబు చెప్పలేకపోయిన. "చేవెళ్లకు రా, అందరి ముందు మాట్లాడుకుందాం" అన్న. ఆ తమ్ముడు ఇయ్యాల వచ్చిండు, ఇక్కడే కూసున్నడు. అందుకని ఈ మాటలన్నీ అతని ప్రశ్నకు జవాబే అనుకోండి.

ముందుగా, అసలు మనుషులు తేనెటీగలను ఎందుకు పెంచుతరు? తేనె కోసం అని అందరం అంటం. కానీ తేనె తీయడం వేరు, ఈగలను పెంచడం వేరు. తేనె తీయడం మన తాతల నుంచి వచ్చిన విద్య. పెంచడం అంటే ఈగను మన వాకిట్లకు తెచ్చుకొని, దాని తిండి, నీళ్లు, రోగం, శత్రువు అన్నీ మనమే చూసుకోవడం. ఒక బర్రెను పెంచినట్టే. తేడా ఒక్కటే, బర్రెకు గడ్డి మనం వేయగలం. ఈగకు పువ్వు మనం వేయలేం. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా దీని మీదనే ఉంది.

మన దగ్గర తేనెటీగలు ఎన్ని రకాలో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కొండచరియలకు, పెద్దచెట్ల కొమ్మలకు పట్టు పెట్టే కొండ తేనెటీగ ఉంది. పొదల్లో అరచేయంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ ఉంది. చెట్టుతొర్రల్లో, పుట్టల్లో ఉండే పుట్ట తేనెటీగ ఉంది. కుట్టని ముసర ఈగ ఉంది. వీటిల్లో మొదటి రెండూ వెలుతురుల ఒకే ఒక్క పట్టు పెడతయి. వాటిని పెట్టెల పెట్టి పెంచలేం, లేచిపోతయి. పుట్ట తేనెటీగ చీకట్ల, ఒకదాని పక్కన ఒకటి వరుసగా పట్లు పెడతది. అందుకే అది పెట్టెకు ఒప్పుకుంటది. ముసర ఈగను కుండల్లో, చిన్న చిన్న పెట్టెల్లో పెంచేటోళ్లు ఉన్నరు గానీ దాని తేనె చాలా కొద్ది.

ఇగ ఈ రోడ్డు పొంటి పెట్టెల్లో ఎక్కువగా ఉండేది ఈ నాలుగింటిల్లో ఏదీ కాదు. అది ఐరోపా తేనెటీగ, మనోళ్లు ఇటాలియన్ ఈగ అని కూడా అంటరు. 1962లో ఉత్తరాదిన నగ్రోటా బగ్వాన్ అనే ఊర్ల ఆ ఈగ మన దేశంల మొదటిసారి గట్టిగా నిలదొక్కుకున్నది. పంజాబ్ వ్యవసాయ శాస్త్రవేత్తలు దాన్ని పెంచి విస్తరించిన్రు. దక్షిణాదికి అది బాగా రావడానికి ఇంకో కారణం ఉంది. 1991-92లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి మన పుట్ట తేనెటీగ పిల్లలను పట్లలోనే చంపేసింది. దక్షిణ రాష్ట్రాల్లో పెట్టెల్లో ఉన్న పుట్ట తేనెటీగలు తొంబై శాతానికి పైగా పోయినయి. వేలమంది చిన్న పెంపకందారుల పెట్టెలు ఖాళీ అయినయి. ఆ ఖాళీలోకే ఐరోపా ఈగ వచ్చింది.

పెట్టె సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలె. 1851లో అమెరికాల లాంగ్‌స్ట్రోత్ అనే పాస్టర్ ఒక చిన్న విషయం కనిపెట్టిండు. రెండు పట్ల నడుమ సుమారు ఒక సెంటీమీటర్ సందు ఉంటే ఈగలు దాన్ని నడిచే తొవ్వలాగ వదిలేస్తయి. సందు తక్కువైతే బంకతో మూసేస్తయి, ఎక్కువైతే అక్కడ ఇంకో పట్టు కడతయి. ఆ సందును లెక్క పెట్టుకొని ఆయన ఫ్రేములు వేలాడే పెట్టె చేసిండు. దాంతో పట్టును తెంపకుండా, పిల్లలను చంపకుండా ఫ్రేము బయటికి తీసి, మిషన్ల తిప్పి తేనె తీసి, ఖాళీ పట్టును మళ్లీ లోపల పెట్టొచ్చు. మైనం కట్టడానికి ఈగ తినే తేనె ఎంతనుకున్నరు? కిలో మైనానికి ఆరేడు కిలోల తేనె ఖర్చవుతదని అంటరు. పట్టు మిగిలితే ఆ తేనె కూడా మిగిలినట్టే. ఇవాళ్టి తేనె వ్యాపారం అంతా ఈ సెంటీమీటర్ సందు మీదనే నడుస్తున్నది.

ఇక పైసల లెక్కకు వద్దాం. ఇది ఏ సర్కారు లెక్కా కాదు, అర్థం కావడానికి నేను చెప్తున్న లెక్క. ఇరవై పెట్టెలు అనుకుందాం. ఈగలతో సహా పెట్టెకు ఐదు వేలు వేసుకుంటే లక్ష రూపాయలు. తేనె తీసే మిషన్, పొగడబ్బా, ముఖానికి జాలి, గ్లవుసులు, డ్రమ్ములు కలిపి ఇంకో పదిహేను వేలు. మంచి పూలు దొరికిన ఏడాది పెట్టెకు ఇరవై కిలోల తేనె వచ్చిందనుకుందాం. మొత్తం నాలుగు వందల కిలోలు.

ఆ తేనెను డ్రమ్ముల్లో పోసి, కొనేటోళ్లు వస్తే కిలో 130 రూపాయలకు ఇచ్చేసిన్రనుకోండి. 52 వేలు వస్తయి. అదే తేనెను సీసాల్లో పోసి, పేరు రాసి, కిలో 400 లెక్కన మనమే అమ్ముకుంటే లక్షా అరవై వేలు. ఈగ అదే, పువ్వు అదే, పెట్టె అదే. లక్షకు పైన తేడా. సీసా ఖర్చు, రవాణా, తిరుగుడు పోయినా డ్రమ్ము ధరకు రెండింతలు మిగులుతది. అంటే పైసలు సగం పెట్టెల ఉంటే, సగం సీసా మీద అతికించిన కాయితంల ఉన్నయి.

వీడియోల ఈ లెక్క ఇక్కడే ఆపేస్తరు. ఖర్చు దిక్కు చెప్పరు. తేనెటీగకు ఏడాది పొడవునా తిండి కావాలె. మన ఈ పొలాల ఇలాకాల చలికాలం కంది పూత, ధనియాల పూత, కుసుమ పూత ఉంటయి. ఎండాకాలం మొదలైతే వేప, కానుగ, నేరేడు. ఆ తర్వాత చింత. వానలు పడ్డంక ఈగకు కష్టకాలం. అప్పుడు చక్కెర పాకం పెట్టి బతికియ్యాలె. ఆ పాకం తాగిన రోజుల తేనె తీసి అమ్మితే అది తేనె కాదు, మోసం. వరోవా అనే పేను పడతది. మైనపు పురుగు పట్లను తినేస్తది. కందిరీగలు, చీమలు వస్తయి. ఎండల నీళ్లు దగ్గర ఉండాలె. ఏడెనిమిది రోజులకోసారి పెట్టె తెరిచి రాణి ఉందా, గుడ్లు పెడుతున్నదా, తేనె ఎంత ఉంది చూడాలె. ఇది చేయని పెంపకందారు ఏడాది తిరిగేసరికి ఖాళీ పెట్టెలే చూసుకుంటడు.

అందుకే గట్టిగా సంపాదించేటోళ్లు ఒక్క దగ్గర కూసోరు. రాత్రి ఈగలన్నీ లోపలికి వచ్చినంక పెట్టెల మూతి మూసి, లారీకి ఎక్కించి, ఎక్కడ పూత ఉంటే అక్కడికి పోతరు. తాండూరు దిక్కు కంది, కుసుమ పూసినప్పుడు అటు. పొద్దుతిరుగుడు ఎక్కడ వేస్తే అక్కడికి. గొర్రెల కాపరి మేత వెంట తిరిగినట్టే వీళ్లు పూత వెంట తిరుగుతరు. లారీ కిరాయి, కావలి మనిషి కూలి, పొలం ఇచ్చిన రైతుకు రెండు సీసాలు, ఇవన్నీ ఖర్చే.

తేనె కాకుండా ఇంకా ఆదాయాలు ఉన్నయి. మైనం అమ్ముతరు. పుప్పొడి పట్టి అమ్ముతరు. ఈగలు బాగా పెరిగినప్పుడు ఒక పెట్టెను రెండు చేసి, కొత్త పెట్టెను ఈగలతో సహా అమ్ముతరు. అనుభవం ఉన్నోళ్లకు ఒక్కోసారి తేనె కంటే దీంట్లనే ఎక్కువ మిగులుతది. ఇగ అన్నిటికంటే పెద్ద సంగతి, ఈగ చేసే పని. పొద్దుతిరుగుడు, దోస, పుచ్చ, కాకర, బీర, సొర, ఉల్లి విత్తనం, ఇవి గింజ కట్టాలన్నా, కాయ పట్టాలన్నా పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పోవాలె. అమెరికాల కాలిఫోర్నియా బాదం తోటలకు ప్రతి ఫిబ్రవరిల లక్షల పెట్టెలు లారీల మీద పోతయి. తోట రైతు పెట్టెకు ఇంత అని అద్దె కడతడు. అక్కడ తేనె అమ్మరు, ఈగల కష్టం అమ్ముతరు. మన దగ్గర ఇంకా చాలా చోట్ల రైతు పెట్టెలు పెట్టనిచ్చుడే గొప్ప అనుకుంటడు. తన కాయ ఎవరి పుణ్యాన పట్టిందో లెక్క కట్టడు.

ఇప్పుడు మనం కూసున్న ఈ నేల సంగతి. మొయినాబాద్, చేవెళ్ల అంటే పూల ఊర్లు, కూరగాయల ఊర్లు అని పేరు. ఇక్కడ గులాబీలు, జెర్బెరాలు పండిస్తరు. మీలో కొంతమంది ఆ పూలు కోసే కూలికి వచ్చినోళ్లే. మరి తేనెటీగకు ఇది స్వర్గం కావాలె కదా? కానీ ఆ పూలు ఎక్కడున్నయో చూడండి. ప్లాస్టిక్ కప్పు కింద, నాలుగు దిక్కులా జాలి కట్టిన పాలిహౌస్ లోపల. ఈగ లోపలికి పోలేదు. పోయినా మందు కొట్టిన పువ్వు మీద వాలాలె. క్యారెట్‌ను పువ్వు రాకముందే పీకేస్తరు. ఆకుకూరను పూత రాకముందే కోస్తరు. లారీల కొద్దీ పూలు పట్నం పోయే ఊర్లె తేనెటీగకు పూట గడవక పోవచ్చు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. 1996లో వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 84 ఊర్లల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడాలను కట్టడి చేసింది. మొయినాబాద్ ఇలాక అందులోనిదే. 2022 ఏప్రిల్‌ల 69 జీవోతో ఆ కట్టడిని సడలించిన్రు. అంతకుముందు నుంచే ఇక్కడ భూమి ధర పంట మీద లేదు, పట్నం దూరం మీద ఉంది. కంది చేను ఫామ్‌హౌస్ అయితది, గట్టు మీది కానుగ పోతది, దాని జాగల కత్తిరించిన పచ్చగడ్డి వస్తది. చూడటానికి పచ్చగానే ఉంటది. ఈగకు మాత్రం అది ఎడారి.

మీరు వచ్చిన తొవ్వల మర్రిచెట్లు కూడా అంతే. బీజాపూర్ రోడ్డు వెడల్పు చేస్తమన్నప్పుడు దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్ల కోసం ఈ ఇలాక ప్రేమికులు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయిన్రు. మర్రిపువ్వు కాయ లోపలే ఉంటది, తేనెటీగకు అది తిండి పెట్టదు. కానీ కొండ తేనెటీగ పట్టు పెట్టడానికి అంత ఎత్తు, అంత గట్టి కొమ్మ ఇంకే చెట్టుకు ఉంటది? ఆ ఈగ ఏడాదికోసారి వలస పోయి, మళ్లీ అదే చెట్టు వెతుక్కుంట వస్తది. చెట్టు లేకపోతే దానికి ఊరే లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్న? పట్నం దగ్గర పెట్టెలు పెట్టుకున్నోనికి సంత ఉంది, సీసా ఉంది, రోడ్డు ఉంది. లేనిది పువ్వు. ప్రతి ఏడాది పువ్వు కోసం ఇంకింత దూరం లారీ కిరాయి పెట్టుకొని పోతున్నడు. మన దగ్గర కథ తిరగబడి ఉంది. నల్లమల, ఏటూరునాగారం, భద్రాచలం, ఉట్నూరు, అరకు, పాడేరు, ఎక్కడ చూసినా మనకు పువ్వు ఉంది. ఒక చెట్టు పూత అయిపోతే ఇంకో చెట్టు పూస్తది. లేనివి సంత, సీసా, రోడ్డు. మరి మనకు పథకం పేరు మీద ఏమిస్తున్నరు? పెట్టె. ఉన్నదాన్ని కాపాడరు, లేనిది ఇయ్యరు, నడుమ ఉన్న చెక్కపెట్టెను తెచ్చి ఫొటో దిగుతరు.

నేను ఒక గూడెంల చూసిన. ఏ పథకమో, ఎవరిచ్చిన్రో పేరు వద్దు. ఇంటికి రెండు చొప్పున పెట్టెలు పంచిన్రు. మూడు రోజుల శిక్షణ ఇచ్చిన్రు. వానాకాలం పాకం పెట్టాలని చెప్పిన్రు గానీ చక్కెర ఎవరు కొంటరో చెప్పలేదు. పిలిస్తే వచ్చి చూసే మనిషి లేడు. తర్వాతి ఏడాది పోతే ఒక ఇంట్ల ఆ పెట్టెల కోడి పొదిగి ఉన్నది. అవ్వను అడిగితే నవ్వి, "ఈగలు పోయినయి బిడ్డా, కోడి నిలిచింది" అన్నది. తప్పు ఆ అవ్వది కాదు. ఆమెకు పుట్ట తేనెటీగ ఏ తొర్రల ఉంటదో, ఏ నెలల తేనె తీయాలో నా కంటే ఎక్కువ తెలుసు. ఆమెకు తెలిసినదాన్ని ఎవరూ అడగలేదు.

మన విద్య చిన్నది కాదు. నల్లమల చెంచు పెద్దలు కొండ అంచు నుంచి తాడు కట్టుకొని కిందికి జారి, గాలిల వేలాడుకుంట పట్టు కోసిన చరిత్ర ఉన్నోళ్లు. పైన ఆ తాడు పట్టుకునే పని బావమరిదికే అప్పజెప్తరని అంటరు. తన అక్క బొట్టు నిలవాలని అతని కంటే గట్టిగా కోరుకునేటోడు ఎవరుంటరు? అంత ప్రాణం పెట్టి తెచ్చిన తేనెకు ఎంత ఇచ్చిన్రు? అటవీ ఫలసాయానికి కేంద్రం ప్రకటించే మద్దతు ధరల అడవి తేనె 2020 మే నాటికి కిలో 195 నుంచి 225 రూపాయలకు పెరిగింది. పెరిగినంకనే అది 225. పట్నంల అడవి తేనె అని రాసిన సీసా ధర ఎంతో మీరు పోయేటప్పుడు ఏదన్నా దుకాణంల ఆగి చూడండి. ఆ రెండు అంకెల నడుమ ఎవరెవరు కూసున్నరో ఆలోచించండి.

ఇక్కడ చట్టం ఏమంటదో ప్రతి ఒక్కరూ నోటికి తెచ్చుకోవాలె. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో చెప్పేటప్పుడు వెదురు, బీడీ ఆకు, దుంపల వరుసలోనే తేనెను, మైనాన్ని పేరు పెట్టి రాసింది. 3వ సెక్షన్‌ల వాటి మీద మనకు యాజమాన్య హక్కు ఉందని, సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు ఉందని స్పష్టంగా చెప్పింది. 2012లో సవరించిన నియమాలు ఇంకా వివరంగా చెప్పినయి. అమ్ముకోవడం అంటే ఉత్త అమ్మకం కాదు, శుద్ధి చేయడం, నిల్వ చేయడం, విలువ పెంచి సీసాల పోయడం, అడవి లోపల, బయట రవాణా చేయడం అన్నీ ఆ హక్కులోనివే. రవాణా పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీ గానీ, గ్రామసభ నియమించిన మనిషి గానీ. ఆ పర్మిట్ పేరు మీద అమ్ముకునే హక్కును తగ్గించడానికి వీల్లేదు. సేకరణ మీద రాయల్టీ, ఫీజు ఏదీ వసూలు చేయొద్దు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం కూడా చిన్న తరహా అటవీ ఫలసాయం యాజమాన్యాన్ని గ్రామసభకు, పంచాయతీలకు ఇచ్చింది. అయితే అక్కడ ఇంకో పాత సంగతి ఉంది. 1979 నాటి రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఫలసాయం వ్యాపారం జీసీసీకి అప్పజెప్పిన్రు. దళారుల దోపిడీ నుంచి కాపాడటానికని 1956లో పుట్టిన సంస్థ అది, ఆ రోజుల్ల అది అవసరమే. కానీ యజమాని మనమని కొత్త చట్టం చెప్తుంటే, కొనేటోడు ఒక్కడే ఉండాలని పాత రెగ్యులేషన్ చెప్తే, ధర ఎవరు నిర్ణయిస్తరు? ఇది మనం గట్టిగా అడగాల్సిన ప్రశ్న. జీసీసీ వద్దని నేను అంటలేను. జీసీసీ సీసా మీద వచ్చే లాభంల తేనె తీసినోనికి వాటా కావాలె అంటున్న.

2020 డిసెంబర్‌ల ఢిల్లీల ఉన్న సీఎస్ఈ సంస్థ దేశంల పేరున్న 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించింది. ఎన్ఎంఆర్ అనే పరీక్షల పది బ్రాండ్లు నిలవలేదు. మామూలు పరీక్షలకు దొరకకుండా తయారు చేసిన చక్కెర పాకం కలుస్తున్నదని అప్పుడు బయటపడ్డది. నమ్మకంగా తేనె ఎక్కడ దొరుకుతదని జనం వెతుకుతున్నరు. ఆ నమ్మకం మన దగ్గర ఉంది. ఏ ఊరు, ఏ అడవి, ఏ నెల, ఏ పువ్వు, ఎవరు తీసిన్రు అని చెప్పగలిగేది మనమే.

కానీ నమ్మకం మాటతో రాదు, మన పనిల కూడా మార్పు రావాలె. నిజం మాట్లాడుకుందాం. కొన్ని చోట్ల ఇప్పటికీ కాగడాతో ఈగలను కాల్చి, మొత్తం పట్టును పిల్లలతో సహా తెంపి, బట్టల వేసి చేత్తో పిండుతున్నరు. అట్ల పిండితే గుడ్లు, పిల్లల రసం, పుప్పొడి అన్నీ కలిసి తేనె తొందరగా పులుస్తది. వచ్చే ఏడాది ఆ చెట్టుకు ఈగ కూడా రాదు. కొండ తేనెటీగ పట్టుల తేనె ఒక దిక్కు, పిల్లలు ఒక దిక్కు ఉంటరు. తేనె ఉన్న భాగమే కోసి, పిల్లల భాగం వదిలేస్తే అవి మళ్లీ కట్టుకుంటయి. విశాఖల ఉన్న కోవెల్ ఫౌండేషన్ ఆదివాసీ తేనె సేకర్తలకు ఇట్లాంటి పద్ధతులే నేర్పిస్తున్నది. తాడు, టోపీ, శుభ్రమైన స్టీలు గిన్నె, జల్లెడ ఉంటే చాలు. ఇంకోటి, తేమ. మంచి తేనెల నీటి పాలు ఇరవై శాతం దాటొద్దు. వానాకాలం తీసిన తేనె, మూత పడని గదుల తేనె పలచగా ఉంటది, దాన్ని చూపించే కొనేటోడు ధర కోస్తడు. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం గూడేనికి ఒకటి ఉంటే ఆ కోత ఆగుతది.

ఇప్పుడు మన తమ్ముని ప్రశ్నకు జవాబు. పెట్టె తీసుకోవాల్నా? తీసుకో. కానీ సంతకం పెట్టేముందు ఐదు ప్రశ్నలు అడుగు.

మొదటిది, మా గూడెం చుట్టూ రెండు కిలోమీటర్లల్ల ఏ నెలల ఏ పువ్వు ఉంది? దీనికి జవాబు ఆఫీసరు దగ్గర ఉండదు, మీ అవ్వ దగ్గర ఉంటది. ఆమెతో కూసొని పన్నెండు నెలల పట్టిక రాయి. మూడు నెలలు వరుసగా ఖాళీ వస్తే అక్కడ ఎక్కువ పెట్టెలు పెట్టొద్దు.

రెండోది, ఏ ఈగ ఇస్తున్నరు? అడవిల ఉండేటోళ్లకు మన పుట్ట తేనెటీగే నయం. తేనె తక్కువ ఇస్తది, కానీ ఈ వాతావరణం దానిదే. లారీల కొద్దీ బయటి ఈగను అడవిలకు తెస్తే, రోగం తెస్తదా, మన ఈగ తిండి గుంజుకుంటదా అని అడిగే హక్కు గ్రామసభకు ఉండాలె. 1991 మరిచిపోవద్దు. బయటి వ్యాపారి వచ్చి మన అడవి అంచున రెండు వందల పెట్టెలు పెడితే, ఆ తేనె ఎవరి పువ్వుది?

మూడోది, ఆరు నెలల తర్వాత పిలిస్తే వచ్చేదెవరు? మూడు రోజుల శిక్షణతోని ఈగ పెరగదు. ఒక ఏడాది, అన్ని కాలాలు, పక్కన నిలబడి చూపించే మనిషి కావాలె. ఇక్కడికి దగ్గర్లనే రాజేంద్రనగర్‌ల ఎన్ఐఆర్‌డీ రూరల్ టెక్నాలజీ పార్కుల తేనెటీగల పెంపకం నేర్పుతరు. మీ గూడెం నుంచి ఇద్దరు నేర్చుకొని వస్తే, వాళ్లే మిగతా ఊరికి సార్లు. 2020ల కేంద్రం తేనె మిషన్‌కు 500 కోట్లు ప్రకటించింది. ఆ పైసల్ల మన యువత జీతం ఉన్న శిక్షకులుగా ఎందుకు ఉండొద్దు?

నాలుగోది, చుట్టూ మందు ఎవరు కొడుతున్నరు? ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులను ఐరోపా దేశాలు 2018ల ఆరుబయట పొలాల్ల వాడొద్దని నిషేధించినయి, తేనెటీగల కోసమే. మన పత్తి చేలల్ల అవి మామూలు మందులు. కనీసం పూత మీద కొట్టొద్దు, కొట్టాల్సి వస్తే పొద్దుగూకినంక కొట్టాలె, ముందురోజు చెప్పాలె అని పక్క రైతుతో మాట్లాడుకోవాలె.

ఐదోది, సీసా మీద ఎవరి పేరు? పదిమంది కలిసి సంఘం పెట్టుకొని, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకొని, మీ గూడెం పేరు సీసా మీద రాయండి. ఈ మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లకు శనివారం, ఆదివారం వచ్చేటోళ్లే మంచి తేనెకు ఎంతైనా ఇస్తమంటరు. చిలుకూరు గుడికి వచ్చే జనం చూడండి. ఇక్కడ కూలికి వచ్చిన మన పిల్లలు ఊరి తేనెకు ఇక్కడ సంత వెతకగలరు. నల్లమల చెట్టుకూ చేవెళ్ల గిరాకికీ నడుమ ఇప్పుడు నలుగురు ఉన్నరు. ఆ జాగల మీరు ఉండండి.

ముందు రెండు పెట్టెలతో మొదలుపెట్టు తమ్మీ, ఇరవైతో కాదు. అప్పు చేసి అసలే వద్దు. ఒక ఏడాది ఈగను చూడు. అదే ఏడాది మీ గ్రామసభల తేనె మీద, మైనం మీద, తేనెచెట్ల మీద మా హక్కు అని తీర్మానం రాయించు. సామూహిక అటవీ హక్కుల దరఖాస్తు పెట్టకపోతే పెట్టు, పెట్టి ఉంటే ఎక్కడ ఆగిందో కనుక్కో. తేనెచెట్టును నరికేటోళ్లు వస్తే ఊరంతా నిలబడాలె. పెట్టె పోతే ఇంకో పెట్టె చేయించుకోవచ్చు. కొండ తేనెటీగ ముప్పై పట్లు పెట్టే చెట్టు పోతే, అట్లాంటిది మళ్లీ నీ మనవడు కూడా చూడడు.

ఇంకో రెండు గంటల్ల మీ బస్సులు కదులుతయి. పోయేటప్పుడు కిటికీ పక్కన కూసొని ఆ మర్రికొమ్మలు పైకి చూసుకుంట పోండి. ఎక్కడన్నా పట్టు కనబడితే, ఏ ఊరి దగ్గరో రాసుకోండి. మీ గూడెం పోయినంక అదే పని అక్కడ మొదలుపెట్టండి. ఎన్ని చెట్లు, ఎన్ని పట్లు, ఏ నెల. ఆ కాయితమే మన మొదటి దస్తావేజు.